బస్తీలో తిండి పనులు బస్తీవాళ్ళే నడపాలంటే: పన్నెండు వారాల్లో మనుషుల్ని తయారుచేయడం ఎలా

ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడగని నెల లేదు. కాలనీ సంఘాలవాళ్ళు, స్వచ్ఛంద సంస్థల్లో కొత్తగా చేరిన పిల్లలు, రిటైరైన టీచర్లు, పొదుపు సంఘాల సమాఖ్యల్లో తిరిగే అక్కలు, అందరిదీ ఒకటే మాట. "కూరగాయలు టోకున తెచ్చి బస్తీలో పంచాం. నాలుగు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. మేం వెళ్ళడం మానేయగానే ఆగిపోయింది. ఎక్కడ తప్పు చేశాం?"

తెచ్చింది మీరు, పంచింది మీరు, లెక్క రాసింది మీరు. మీరు మానేస్తే ఆగక ఏమవుతుంది?

నేనూ ఈ తప్పు చేసినదాన్నే. మొదటిసారి ఒక బస్తీలో పన్నెండుమంది ఆడవాళ్ళతో పని మొదలుపెట్టినప్పుడు లెక్కల పుస్తకం నా సంచిలో ఉండేది. డబ్బుల డబ్బా తాళంచెవి కూడా నా దగ్గరే. నాకు టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచంపట్టాను. లేచి వెళ్ళేసరికి కాటా మీద దుమ్ము పేరుకుని ఉంది. "నువ్వొస్తావని చూస్తున్నాం మేడమ్" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు.

ఇక్కడ రాసేది హైదరాబాద్ బస్తీల్లో పనిచేసిన అనుభవంతో. విజయవాడ, విశాఖ కొండవాలు కాలనీలకీ చాలావరకు సరిపోతుంది. పల్లెల్లో భూమి ఉంటుంది, ధాన్యం ఉంటుంది, అక్కడి లెక్క వేరు.

ముందు సమకూర్చుకోవాల్సినవి

- పది నుంచి పద్నాలుగు మంది. అంతకు మించితే సమావేశం సభ అయిపోతుంది.
- వారానికి ఒకసారి, గంటన్నర కూర్చోగల చోటు. కమ్యూనిటీ హాలు అక్కర్లేదు, అంగన్‌వాడీ వరండా చాలు. గుడిలోనో మసీదులోనో చర్చిలోనో పెడితే సగం బస్తీ రాదు.
- ముగ్గుపిండి రెండు కిలోలు, రంగు సుద్దముక్కలు, కాసిని చింతగింజలు.
- ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, 30 కిలోలు తూగేది. దాన్ని సరిచూసుకోవడానికి ముద్ర ఉన్న కిలో రాయి.
- రెండు లాంగ్ నోట్‌బుక్కులు, ఒక బిల్లుబుక్కు, రెండు తాళాలు పట్టే డబ్బా.
- మూడు నాలుగు వేల రూపాయల చేబదులు సొమ్ము. ఇంతకంటే ఎక్కువ తేవద్దు. పెద్ద సొమ్ము చూస్తే మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.
- పన్నెండు వారాలు ఆగే ఓపిక.

పవర్‌పాయింట్, బ్యానర్, మీ సంస్థ పేరు అచ్చేసిన టీషర్టులు వద్దు. టీషర్టు వేసుకున్న మరుక్షణం ఆ మనిషి మీ మనిషి అయిపోతుంది, బస్తీ మనిషిగా మిగలదు.

1. మనుషుల్ని వెతకండి (మొదటి వారం)

చాలామంది మీటింగు పెట్టి "ఎవరు ముందుకొస్తారు?" అని అడుగుతారు. చేయెత్తేది ఎప్పుడూ ఎత్తే నలుగురే. అలా కాకుండా ఇరవై, పాతిక ఇళ్ళకి వెళ్ళి ఒక్కటే ప్రశ్న వేయండి: "నెలాఖరున ఇంట్లో బియ్యమో పప్పో అయిపోతే ఎవరి తలుపు కొడతావక్కా?"

జవాబుగా వచ్చిన పేర్లు రాసుకోండి. నాలుగైదు ఇళ్ళలో తిరిగి తిరిగి వచ్చే పేరు ఎవరిదో వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. చాలాసార్లు ఆ మనిషికి ఏ పదవీ ఉండదు. ఇళ్ళల్లో పాచిపనికి వెళ్ళే ఆవిడ, పంక్చర్ షాపు తాత, మధ్యాహ్నం దాకా ఖాళీగా ఉండే రాత్రి డ్యూటీ వాచ్‌మన్, ఇలాంటివాళ్ళు ఉంటారు.

పొదుపు సంఘాల లీడర్లని తీసుకోవచ్చా అని అడుగుతుంటారు. ఒకరిద్దరిని తీసుకోండి. వాళ్ళకి పంచసూత్రాలు కంఠతా వచ్చు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఈ అలవాటు మీకు బంగారం. అయితే గుంపంతా వాళ్ళే అయితే, బ్యాంకు లింకేజీ (సంఘాలకి బ్యాంకు అప్పు) కబుర్లతోనే గంట గడిచిపోతుంది.

వద్దనాల్సినవాళ్ళు: ఈ ఎన్నికల్లోనో వచ్చే ఎన్నికల్లోనో కార్పొరేటర్ టికెట్ అడిగేవాళ్ళు, రేషన్ డీలర్ దగ్గరి బంధువులు, వడ్డీ వ్యాపారులు. మొహం మీద చెప్పకండి, పిలవకుండా ఊరుకుంటే చాలు.

సరిచూసుకోండి: మీ జాబితాలో ఇంతకుముందు ఏ పదవీ లేనివాళ్ళు కనీసం ముగ్గురున్నారా? అద్దెకుండేవాళ్ళు ఉన్నారా? చదువు రానివాళ్ళు ఒకరైనా ఉన్నారా? ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలి కుటుంబాలు మీ బస్తీలో ఉంటే వాళ్ళలో ఒకరు ఉన్నారా? లేకపోతే మళ్ళీ నాలుగిళ్ళు తిరగండి.

2. టైము వాళ్ళు పెట్టాలి

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నల్లా వచ్చే రోజు పెట్టకండి. శుక్రవారం మధ్యాహ్నం పెట్టకండి. మేం ఆదివారం అనుకుంటే, ఆదివారమే ఇళ్ళల్లో పని ఎక్కువ అన్నారు. చివరికి మంగళవారం రాత్రి ఎనిమిదిన్నరకి కుదిరింది. పిల్లలొస్తారు, గోల చేస్తారు, చేయనివ్వండి.

వచ్చినందుకు డబ్బులివ్వాలా? నా మటుకు నేను ఇవ్వను. టీ, బిస్కట్లు పెడతాను. పనిమీద పగలు ఆఫీసుకో మార్కెట్‌కో వెళ్ళాల్సి వచ్చి కూలి పోతే మాత్రం ఆ రోజు కూలి, ఆటో ఖర్చు ఇస్తాను. కూలి చేసుకునేవాళ్ళ చేత ఉచితంగా సేవ చేయించుకోవడం కడుపు నిండినవాళ్ళకి వచ్చే ఆలోచన.

3. ముగ్గు పటం వేయించండి (రెండు, మూడు వారాలు)

వీధిలో కాస్త ఊడ్చి, ముగ్గుపిండి చేతికిచ్చి "మన బస్తీ వేయండి" అనండి. మీరు పక్కకి జరిగి నిలబడండి. ముందు గుడి వేస్తారు, తర్వాత మెయిన్‌రోడ్డు, తర్వాత ఎవరింటిని వాళ్ళు. ఇరవై నిమిషాల్లో చుట్టూ జనం చేరి "ఆ సందు అటు కాదు, ఇటు" అని దిద్దుతుంటారు. ఆ దిద్దుబాటే మీకు కావాల్సింది.

పటం తయారయ్యాక సుద్దముక్కలతో గుర్తులు పెట్టించండి: రేషన్ షాపు, అంగన్‌వాడీ, కిరాణా కొట్లు, కూరగాయల బండి ఆగే చోటు, వారంవారం సంత, రైతుబజారు ఎటువైపో బాణం గుర్తు, ఐదు రూపాయల భోజనం పెట్టే చోటు. ఆ తర్వాత ఒక్కొక్క చోట ఏం కొంటారో, ఎంతకి కొంటారో అడగండి.

చిల్లర కొనుగోలు ఎంత ఖరీదో ఇక్కడే బయటపడుతుంది. రోజుకి పది రూపాయల నూనె ప్యాకెట్టు, ఐదు రూపాయల చింతపండు, పావుకిలో పప్పు కొనేవాళ్ళని, వాళ్ళ నెల మొత్తాన్ని చింతగింజలతో పేర్చి చూపించమనండి. లీటరు ప్యాకెట్టు ధరతో పోల్చమనండి. లెక్క వాళ్ళ నోటితోనే రావాలి. మీరు ముందే చెప్పేస్తే "అవును మేడమ్" అంటారు, అంతటితో సరి.

నెలలో ఏ రోజుల్లో ఇబ్బందో కూడా గీయించండి. జీతం ఒకటినుంచి పదో తారీఖు లోపల వచ్చే ఇళ్ళలో ఇరవై దాటాక కూర తగ్గుతుంది, తర్వాత గుడ్డు ఆగుతుంది, చివరికి పాలు. ఆడమనిషి పళ్ళెంలో అన్నిటికంటే ముందే తగ్గుతుంది. ఈ మాట ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అన్నప్పుడు వెంటనే ఇంకో ప్రశ్నకి దూకకండి, కాసేపు ఆగండి.

ఈ పద్ధతి నా సొంతం కాదు. ఊరి పటం నేలమీద గీసి, ఏ ఇల్లు ఎంత ఇబ్బందిలో ఉందో ఊరే తేల్చడం మన పల్లెలు ఎప్పటినుంచో చేస్తున్నదే. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు 1990లలో బీడు భూముల్లో జొన్న పండించి, ఊళ్ళోనే నిల్వచేసి, పేద ఇళ్ళకి తక్కువ ధరకి అమ్మే సొంత రేషన్ నడిపాయి. పట్నంలో మనకి జొన్నచేను లేకపోయినా, ఎవరికి ముందు అందాలో బస్తీయే తేల్చుకోవాలన్న పాఠం మనకీ పనికొస్తుంది.

సాధారణంగా జరిగే తప్పు: పటంలో నాలా గట్టు మీది గుడిసెలు ఉండవు. "వాళ్ళు మన బస్తీ కాదు" అంటారు. వాదన పెట్టుకోకండి. పటం పట్టుకుని గుంపుతోపాటు ఆ గట్టుదాకా నడిచి రండి.

4. ఒక్క పని ఎంచుకోండి (నాలుగో వారం)

ఇక్కడే చాలా గుంపులు ఐదు పనులు మొదలుపెట్టి చెడతాయి. మొదటి పనికి మూడు షరతులు పెట్టుకోండి. ఆరు వారాల్లో ఫలితం కనబడాలి. మొదలుపెట్టడానికి ఏ ఆఫీసరు అనుమతీ అక్కర్లేకుండా ఉండాలి. ఫలితం పళ్ళెంలో కనబడాలి.

ఈ మూడింటికీ సరిపోయేవి రెండే అని నా అనుభవం: కూరగాయలో పప్పులో ఉమ్మడిగా కొనడం, రావాల్సిన రేషన్, అంగన్‌వాడీ సరుకు అందరికీ అందేలా వెంటపడటం.

మిగతావాటి సంగతీ చెబుతాను, ఎలాగూ అడుగుతారు కనక. మిద్దెతోట బాగుంటుంది, కానీ అద్దె ఇళ్ళవాళ్ళకి మిద్దె ఉండదు, ఉన్నచోట కోతులుంటాయి. ఆకుకూరలైతే మూడు నాలుగు వారాల్లో కోతకొస్తాయి గనక పెరుగు డబ్బాల్లో తోటకూర, మెంతికూర వేయించండి. దాన్ని పక్కపనిగానే ఉంచుకోండి. సామూహిక వంటగది మాత్రం మొదటి పనిగా వద్దే వద్దు. గ్యాస్, నీళ్ళు, శుభ్రత, వండి అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్, ఉప్పు ఎక్కువైందన్న తగువు. రెండో ఏడాది చూసుకోవచ్చు.

ఎంపిక ఓటుతో చేయకండి. చింతగింజలతో చేయండి: ఒక్కొక్కరికీ ఐదు గింజలు, పనుల బొమ్మల మీద ఎక్కడెన్ని పెట్టాలో వాళ్ళిష్టం. చదువు రానివాళ్ళూ సమానంగా ఉంటారు, గొంతు పెద్దది అయినంత మాత్రాన గింజలు పెరగవు.

5. నోరు, చేయి, పుస్తకం: సాధన (ఐదు, ఆరు వారాలు)

నాయకత్వం మీద ఉపన్యాసం ఇవ్వకండి. కింది మూడూ చేయించండి.

*ఉత్తుత్తి రేషన్ షాపు.* ఒకరు డీలరు, ఒకరు కార్డుదారు, ఒకరు వెనక క్యూలో విసుక్కునేవాళ్ళు. డీలరు వేషం వేసినవాళ్ళకి చెవిలో చెప్పండి: "స్టాకు లేదు, రేపు రా" అనమని, "వేలిముద్ర పడలేదు" అనమని, రెండు కిలోలు తక్కువ తూచమని. నవ్వులు మొదలవుతాయి. నవ్వాక మళ్ళీ చేయించండి, ఈసారి కార్డుదారు ఏమనాలో గుంపు చెబుతుంది.

దీనికి ముందు కొన్ని వాస్తవాలు అందరి నోటికీ రావాలి. ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది. దాని ప్రకారం అంత్యోదయ కార్డుకి (అతి పేద ఇళ్ళకిచ్చేది) నెలకి 35 కిలోల బియ్యం, ఇంట్లో ఎంతమంది ఉన్నా అంతే. మామూలు కార్డుకి మనిషికి 5 కిలోలు. తెలంగాణలో రాష్ట్రం ఒక కిలో కలిపి మనిషికి 6 కిలోలు ఇస్తోంది, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. అంటే నలుగురున్న ఇంటికి 24 కిలోలు రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్ నుంచి ఇంటింటికీ రేషన్ తెచ్చే వ్యాన్లు ఆగిపోయి మళ్ళీ షాపుల్లోనే ఇస్తున్నారు. అక్కడ 65 ఏళ్ళు దాటినవాళ్ళకీ దివ్యాంగులకీ ఇంటికి తెచ్చివ్వాలి. వేరే రాష్ట్రం కార్డున్న వలస కూలీలు కూడా ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఇక్కడి షాపులో తమ వాటా బియ్యం తీసుకోవచ్చు. బస్తీలో సగంమందికి ఈ చివరి సంగతి తెలియదు. కొందరు డీలర్లూ తెలియనట్టు ఉంటారు.

ఈపాస్ మిషన్ (షాపులో వేలిముద్ర తీసుకునేది) నుంచి వచ్చే రసీదు అడిగి తీసుకోవడం, దానిమీది కిలోలు చదవడం ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలి. చదువు రానివాళ్ళకి అంకెలు నేర్పడానికి రసీదుకి మించిన వాచకం లేదు. వేలిముద్ర అరిగిపోయినవాళ్ళు కనుపాప స్కానర్ అడగాలి. తేలకపోతే 1967కి ఫోన్, తర్వాత పౌరసరఫరాల ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు, ఆ తర్వాత జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి, పైన రాష్ట్ర ఆహార కమిషన్. మెట్లు దాటి నేరుగా పైకి వెళ్తే మళ్ళీ కిందికే పంపిస్తారు.

జాగ్రత్త: డీలరుతో గొడవ పడమని నేర్పకండి. రేపు మళ్ళీ బియ్యం తెచ్చుకోవాల్సింది వాళ్ళే, మీరు కాదు. మొదటి ఫిర్యాదు ఎప్పుడూ ఒక్కరి పేరుమీద వద్దు, ఐదారుగురు కలిసి సంతకాలు పెట్టాలి.

*పుస్తకం.* జమా ఒకవైపు, ఖర్చు ఒకవైపు, కింద నిల్వ. అంతే. మూడు నిలువు గీతలకంటే ఎక్కువ గీయకండి. రాసేవాళ్ళు ఒకరు, చదివి వినిపించేవాళ్ళు ఒకరు, డబ్బు లెక్కపెట్టేవాళ్ళు మరొకరు. సమావేశం మొదట్లో పోయినవారం నిల్వ గట్టిగా చదవాలి, డబ్బాలో సొమ్ము అందరిముందు లెక్కపెట్టాలి. రెండూ కలవకపోతే కలిసేదాకా మిగతా మాటలు మొదలుపెట్టకూడదు. మేం ఒకసారి నలభై రూపాయల తేడా కోసం గంట కూర్చున్నాం. టీ డబ్బులు రాయడం మర్చిపోయారు. ఆ గంట వృథా కాలేదు, తర్వాత ఎవరూ మర్చిపోలేదు.

*సమావేశం నడపడం.* ప్రతివారం ఒకరు. ఏం మాట్లాడాలో ముందే మూడు బొమ్మలుగా గీసుకుని గోడకి అంటించాలి. ఎవరైనా మూడుసార్లకంటే ఎక్కువ మాట్లాడితే నడిపేవాళ్ళు ఖాళీ టీగ్లాసు వాళ్ళ ముందు పెట్టాలి. దీన్ని అత్తలమీద ప్రయోగించే అవకాశం వచ్చినందుకు కోడళ్ళు మహా సంబరపడతారు.

6. మొదటి కొనుగోలు (ఏడు, ఎనిమిది వారాలు)

ఉమ్మడి కొనుగోలు ఎంచుకున్నారనుకుందాం. పదిహేను, ఇరవై ఇళ్ళతో మొదలుపెట్టండి. మొదటి విడత మూడే సరుకులు: ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, టమాటా. మొదటి రెండూ ఆగుతాయి, మూడోది పరీక్ష పెడుతుంది.

ముందురోజు సాయంత్రం ఇంటింటికీ తిరిగి ఎవరికెన్ని కిలోలో రాసుకుని, సగం డబ్బు ముందే తీసుకోవాలి. డబ్బివ్వకుండా చెప్పిన కిలోలని లెక్కలో వేసుకోకండి. తెల్లారగట్ల ముగ్గురు మార్కెట్‌కి వెళ్ళాలి: ఒకరు బేరానికి, ఒకరు తూకానికి, ఒకరు డబ్బుకి. బోయిన్‌పల్లి లాంటి టోకు మార్కెట్లో పెట్టెలు, బస్తాల లెక్కన కొనాలి. అంత సరుకు అవసరం లేకపోతే మీకు దగ్గరి రైతుబజారుకి వెళ్ళండి. 1999లో మొదలైన ఈ బజార్లలో ఆరోజు ధరలు బోర్డుమీద రాస్తారు, రైతు దగ్గరే నేరుగా కొనొచ్చు. టోకు ధర కాకపోయినా బండిమీది ధరకంటే నయం, హమాలీ గొడవ ఉండదు.

మొదటిసారి మీరు వెంట వెళ్ళండి, కానీ బేరం చేయకండి. మోసపోతున్నారనిపించినా నోరు మెదపకండి. ఒక పెట్టెలో అడుగున మెత్తబడ్డ టమాటాలు రావడం పాతిక ఉపన్యాసాల పెట్టు.

ధర కట్టడంలోనే అందరూ పప్పులో కాలేస్తారు. లెక్క ఇలా చేయించండి (అంకెలు ఊహించినవి, మీ మార్కెట్ ధర వేసుకోండి):

- టమాటా పెట్టె 25 కిలోలు, కిలో 18 చొప్పున: 450 రూపాయలు
- ఆటోలో, హమాలీలో ఈ పెట్టె వాటా: 50 రూపాయలు
- మొత్తం: 500 రూపాయలు

"500ని 25తో భాగిస్తే కిలో 20" అంటారు. కాదు. నలిగినవి, పగిలినవి తీసేస్తే అమ్మకానికి మిగిలేది 22 కిలోలే అనుకోండి. 20 చొప్పున అమ్మితే 440 వస్తాయి, పెట్టెకి 60 రూపాయలు మునుగుతారు. 500ని 22తో భాగించాలి, కిలో దాదాపు 23 పడుతుంది. ఈ తరుగు లెక్క తెలియకే చాలా గుంపులు రెండో నెలలో చేతులెత్తేస్తాయి. సొమ్ము ఎటుపోయిందో తెలియక ఒకరినొకరు అనుమానించుకుంటారు. దొంగతనం ఏమీ ఉండదు, తరుగు ఉంటుంది.

23కి తోడు ఒక రూపాయి కలిపి 24కి అమ్మండి. ఆ రూపాయి కాటా రిపేరుకి, బిల్లుబుక్కులకి, ఒక్కోసారి మునిగే పెట్టెకి. బండిమీద అదే సరుకు 30 ఉంటే ఇంటివాళ్ళకి ఇంకా ఆరు రూపాయలు మిగులుతున్నట్టే. బండి ధరకీ మీ ధరకీ తేడా రెండు రూపాయలకంటే తక్కువైతే ఆ వారం ఆ సరుకు తేవద్దు. అంత శ్రమకి అర్థం లేదు.

బండివాళ్ళ పొట్ట కొడుతున్నామా అన్న ప్రశ్న కూడా వస్తుంది, రావాలి. మా గుంపులో ఒకావిడ అన్నే బండి నడుపుతాడు. వారానికి రెండు రోజులే, మూడు సరుకులే అని ఒప్పందం చేసుకున్నారు. తర్వాత అతనే తన ఆటోలో సరుకు తెచ్చిపెట్టడం మొదలుపెట్టాడు, కిరాయి తీసుకుని.

పప్పు, నూనె, బియ్యం అయితే తరుగు బెడద ఉండదు, పెట్టుబడి ఎక్కువ కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు అనే పేదరిక నిర్మూలన కార్యక్రమం కింద గ్రామ సంఘాలు బియ్యం టోకున కొని, సభ్యులకి అప్పుగా ఇచ్చి, వాయిదాల్లో వసూలు చేసుకున్నాయి. ఆ దారి మీకూ ఉంది, సమాఖ్య దగ్గర కాస్త నిధి ఉంటే.

7. ఉద్దెర, కులం, మొగుళ్ళు

ఈ మూడూ ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉండవు, గుంపులు మాత్రం వీటి దగ్గరే విరుగుతాయి.

ఉద్దెర (అరువు) వద్దని రాసిపెట్టుకున్నా అడుగుతారు. అసలే ఇవ్వం అంటే నెలాఖరు ఇబ్బందిలో ఉన్న ఇల్లే బయటికి పోతుంది, మనం మొదలుపెట్టిందే వాళ్ళకోసం. ఒక ఇంటికి గరిష్ఠంగా ఇంత (మావాళ్ళు 150 రూపాయలు పెట్టుకున్నారు), పాతది కడితేనే కొత్తది, గుంపు సభ్యులకి అసలు ఉద్దెర లేదు. ఈ చివరి షరతు తప్పకుండా పెట్టించండి.

కులం గురించి: వండిన పదార్థం వచ్చేసరికి ఎవరి చేతి టీ ఎవరు తాగుతున్నారో గమనించండి. సమావేశంలో టీ పోసే పని వంతులవారీగా తిప్పండి. నెలరోజులకి కొందరు గ్లాసు ముట్టకుండా వెళ్ళడం మీ కంటపడితే, అందరిముందు కాకుండా విడిగా మాట్లాడండి. ఒక్కోసారి మాట్లాడినా ఫలితం ఉండదు. ఆ మనిషికోసం వంతులు ఆపకండి.

మొగుళ్ళు: మూడో వారంలో ఎవరో ఒకరి భర్త "రాత్రిపూట ఏం మీటింగులు" అంటాడు. ఆయన్ని ఆటో లోడింగ్‌కి పిలవండి. వస్తే మంచిదే. రాకపోతే ఆవిడ వాటా పని పగటిపూటకి మార్చండి.

8. మీరు తప్పుకోండి (తొమ్మిది నుంచి పన్నెండు వారాలు)

ఇది అన్నిటికంటే కష్టం, అదీ మీకే. తొమ్మిదో వారం అరగంట ఆలస్యంగా వెళ్ళండి. మొదలుపెట్టారా, మీకోసం కూర్చున్నారా? పదోవారం వెళ్ళి వెనక కూర్చోండి, మిమ్మల్ని చూసి మాట్లాడితే మీరు నడిపేవాళ్ళ వైపు చూడండి. పదకొండోవారం వెళ్ళకండి. ఫోన్ చేస్తారు. "మీరేమనుకుంటున్నారు?" అని మాత్రమే అడిగి పెట్టేయండి. ఆ వారం రేట్లలో తప్పు చేయొచ్చు, యాభయ్యో వందో పోవచ్చు. పోనివ్వండి. డబ్బా, పుస్తకం, రెండు తాళంచెవులూ ఈపాటికి ముగ్గురు వేర్వేరు మనుషుల ఇళ్ళలో ఉండాలి, మీ ఇంట్లో ఒక్కటీ ఉండకూడదు.

పదకొండోవారం సమావేశమే జరగకపోతే? కోప్పడొద్దు, ఎందుకు జరగలేదో కనుక్కోండి. టైము కుదరకపోతే దిద్దుకోవచ్చు. మీరు లేరని జరగకపోతే మాత్రం ఐదో దశకి వెనక్కి వెళ్ళి, ఇంకో నాలుగువారాలు పొడిగించండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, నా రెండో గుంపుకి ఇరవై వారాలు పట్టింది.

పని అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఫొటోలు, హాజరుపట్టీ చూసి మోసపోకండి. మూడు నెలల తర్వాత చెప్పకుండా వెళ్ళి ఇవి చూడండి:

- పుస్తకం తెరిచి చివరి తారీఖు చూడండి. పది రోజులకంటే పాతదైతే పని ఆగినట్టే, ఎవరేం చెప్పినా.
- కాటా మీద కిలో రాయి పెట్టండి. తేడా ఉంటే, ఎప్పటినుంచి ఉందో ఎవరికైనా తెలుసా అడగండి.
- నాలా గట్టు ఇళ్ళలో రెండింటికి వెళ్ళి, పోయినవారం ఏం కొన్నారో, ఎంతకో అడగండి.
- గర్భిణి ఉన్న ఇంట్లో అంగన్‌వాడీ భోజనం, గుడ్డు, పాలు అందుతున్నాయా, చిన్నపిల్లలున్న ఇంట్లో బాలామృతం (అంగన్‌వాడీ ఇచ్చే పోషకాహార పొడి) వస్తోందా అడగండి. గుంపులో ఎవరైనా ఈ సంగతి ఈమధ్య కనుక్కున్నారా?
- కొత్త ముఖాలు ఎన్ని? మొదటి పన్నెండుమందే ఇంకా ఉంటే, ఎవరూ ఎవరికీ నేర్పలేదన్నమాట. ముగ్గురు వెళ్ళిపోయి నలుగురు కొత్తగా చేరితే సంతోషించండి.
- మీకు తెలియకుండా వాళ్ళు తీసుకున్న నిర్ణయం ఒక్కటైనా ఉందా? మా గుంపు నాకు చెప్పకుండా టమాటా తీసేసి దొండకాయ పెట్టింది. నాకు నచ్చలేదు. అమ్మకం మాత్రం పెరిగింది.

వెళ్ళేముందు గోడమీది కాగితం కూడా చూడండి. "ఏదైనా సమస్య ఉంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని రాసి ఉంటుంది. ఆ నంబరు ఇంకా మీదే అయితే, పెన్ను అడిగి కొట్టేసి, కింద ఎవరిది రాయాలో వాళ్ళనే అడగండి.